సగం గొరిగిన తల

“తిను.”

“తినను.”

“పోనీ మంచినీళ్ళైనా తాగు.”

“నా మీద పడ్డ మచ్చ పోయేదాకా ఈ ఓడలో మెతుకు ముట్టను, చుక్క తాగను. ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టు తీసి గట్టున పెట్టే రకం కాదు ఈ పూన్.”

సిటోకి ఒళ్ళు మండిపోయింది. రేపు పొద్దున పది గంటలకి ఓడ శాన్‌ఫ్రాన్సిస్కో రేవులోకి వెళుతుంది. వెళ్ళగానే ఈ ముసలి మంగలిని అక్కడి పోలీసులకి అప్పగిస్తారు. ఆ ఊళ్ళో చీనావాడి మాట వినే జడ్జీ ఎవడున్నాడు గనక! ఉరి ఖాయం. మనిషి మెడకి తాడు బిగుస్తుంటే ఈయన ఉపవాసాలు చేస్తున్నాడు.

సిటో చీనాలో హోయ్‌పింగ్ ఊరి కచేరీలో పదకొండేళ్ళు దొంగల్ని పట్టాడు. ఇప్పుడు ‘మెరిడియన్ క్వీన్’ ఆవిరి ఓడలో దిగువ డెక్కు పెత్తనం అతనిది. ఏడువందల మంది చీనా ప్రయాణికులు, వాళ్ళ తగాదాలు, దొంగతనాలు అన్నీ అతని నెత్తినే. ఇరవయ్యారు రోజులు నెట్టుకొచ్చాడు. ఇవాళ, ఇరవయ్యేడో రోజు పొద్దున ఆరింటికి, వేణ్ణీళ్ళ కోసం వెళ్ళినవాళ్ళు పొగగొట్టం వెనకాల తాం యిక్ అనే ప్రయాణికుడి శవాన్ని చూసి గొల్లుమన్నారు. గొంతు కోసేశారు. చీనావాళ్ళు ముందు తల గొరిగించుకుని వెనక జడ వేసుకుంటారు కదా, ఆ ముందు తల కుడివైపు నున్నగా గొరిగి ఉంది, ఎడమవైపు అలాగే వదిలేశారు. పక్కన పూన్ మంగలికత్తి. ఇంక చెప్పేదేముంది? ఆరున్నరకల్లా పూన్ కాళ్ళకి సంకెళ్ళు వేసి, లంగరు గొలుసులు చుట్టి పెట్టే ఈ గదిలో కూలేశారు.

“బాబాయ్, నిన్న సాయంత్రం ఏమన్నావో మళ్ళీ చెప్పు.”

“యాభైమంది విన్నారు. వాళ్ళనడుగు.”

“నీ నోటితోనే వినాలి.”

పూన్ గడ్డం గోక్కున్నాడు. “ ‘మీ అన్న తల నా కత్తి కింద పెట్టావంటే ఆ తల ఉండదు’ అన్నాను.”

“ఎవడితో?”

“యిక్ తమ్ముడు సోయ్‌తో. ‘రేవు దగ్గర పడుతోంది, మా అన్న తల అడివిలా ఉంది, దొరలు చూసి ఏమనుకుంటారు, గొరుగు గొరుగు’ అని నా ప్రాణం తోడేశాడు. గొరగనన్నాను. ‘చేతకాని మంగలీ’ అన్నాడు. నాకు కోపమొచ్చింది. నలభయ్యేళ్ళ వృత్తి నాది!”

“గొరగమంటే గొరగనని ఎందుకన్నావు? నీ పనే అది కదయ్యా!”

పూన్ గోడవైపు తిరిగి కూచున్నాడు.

“బాబాయ్!”

“మాటిచ్చాను.”

“ఎవరికి?”

“యిక్‌కి.”

“వాడు చచ్చాడుగా!”

“చచ్చినవాడికిచ్చిన మాట మరీ గట్టిది. వాడొచ్చి ‘ఇంక చెప్పుకోరా’ అనలేడు. పైగా నేను నోరు జారితే బతికున్న అమాయకుడొకడు రేవు దాకా వచ్చి వెనక్కి పోవాలి. నా గురించి నువ్వేం బెంగపడకు.”

బెంగ పడకుండా ఎలా ఉంటాడు? కచేరీలో పనిచేసినన్నాళ్ళూ సిటో అబద్ధం చెప్పేవాళ్ళని వందలమందిని చూశాడు. నిజం దాచుకుని చావడానికి సిద్ధపడ్డవాణ్ణి మాత్రం ఈ రోజే చూస్తున్నాడు.

“కత్తి ఎప్పుడు పోయింది?”

“కత్తుల పొది తల కింద పెట్టుకునే పడుకున్నాను. తెల్లారగట్ల నాలుగు గంటలు కొట్టాక ఒంటికని లేచాను. వచ్చి మళ్ళీ పడుకున్నాను. పొది చూసుకోలేదు. అంతే.”

గది బయట కాపలా నావికుడు ఫిన్లే దగ్గుతున్నాడు. మూడు రోజులుగా అదే దగ్గు. సిటో బయటికొచ్చి గడియ వేశాడు. అప్పుడు ఒంటిగంట. సాయంత్రం అయిదింటికి ఓడ పై అధికారి గ్రిమ్‌షా దొర, హంతకుడు పూనేనని కప్తానుకి కాగితం రాసిచ్చేస్తాడు. రాశాక బ్రహ్మ వచ్చినా మార్చలేడు.

*

తాం సోయ్ తన పడకమీద మఠం వేసుకుని కూచున్నాడు. ఇరవయ్యారేళ్ళుంటాయి. నిన్ననే గొరిగించుకున్న ముందు తల మెరుస్తోంది. చేతిలో చెక్కపూసల దండ చకచకా తిరుగుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చుట్టూ ఆడామగా చేరి ఓదారుస్తున్నారు. సిటో వాళ్ళందరినీ తరిమేశాడు.

“మీ అన్న ఎన్నింటికి లేచాడు?”

“నాలుగున్నరకి పెద్దయ్యా. ‘పూన్ మనసు మార్చుకున్నాడ్రా, ఎవరూ లేవకముందే గొరుగుతానన్నాడు’ అని నాతో చెప్పే వెళ్ళాడు. నేనే పంపాను పెద్దయ్యా, నా చేతులారా...” సోయ్ చొక్కా చేతితో కళ్ళు వత్తుకున్నాడు.

“నీతో చెప్పాడు?”

“ఈ రెండు చెవులతో విన్నాను.”

“మీ అన్న ఎప్పుడూ టోపీ తీసేవాడు కాదట. ఎందుకని?”

“సముద్రపు గాలి పడదు వాడికి. చిన్నప్పటినించీ అంతే.”

“మీ నాన్నకి ఈ కబురు ఎవరు చెబుతారు?”

“నేనే చెప్పాలి. మొన్న చలికాలం ముందు ఊరు చూసుకోడానికి వచ్చాడు. వేసవికి మళ్ళీ శాన్‌ఫ్రాన్సిస్కో కొట్టుకి వెళతాడు. అప్పటిదాకా కొట్టు చూసుకోమని మా ఇద్దర్నీ పంపాడు. చీనా కూలీలకి అమెరికా తలుపు మూసేశారు గానీ దుకాణదారు కొడుకులకి ఇంకా తెరిచే ఉందిగా. ఆయన బతికున్నాడు గనకే మా కాగితాలకి విలువ. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని రాయను?”

జవాబులు బాగానే ఉన్నాయి. మరీ బాగున్నాయి. ఏడుస్తున్న మనిషికి మాట తడబడాలి కదా, ఇతనికి తడబడటం లేదు. కానీ మాట తడబడలేదని మనిషిని ఉరి తీయలేం.

లేస్తూ లేస్తూ సిటో ఒక పిచ్చి పని చేశాడు. “పూన్ ఏదో దాస్తున్నాడు. మీ అన్నకి మాటిచ్చాడట. సాయంత్రంలోగా ఆ మాట కక్కిస్తాను చూడు” అన్నాడు. ధైర్యం చెబుదామనే అన్నాడు పాపం.

పూసల దండ ఆగిపోయింది. “మాటా? ఏం మాట?”

“తెలిశాక చెబుతాలే.”

నాలుగడుగులు వేశాక గానీ పూసల చప్పుడు మళ్ళీ వినబడలేదు.

*

చీనావాడు ఓడలో చస్తే సముద్రంలో పడెయ్యడానికి వీల్లేదు. ఎముకలు సొంత మట్టికి చేరాలి. ఆ భరోసా లేకపోతే ఒక్కడు కూడా టిక్కెట్టు కొనడని కంపెనీకి బాగా తెలుసు. అందుకే అడుగున ఖాళీ శవపేటికలు పేర్చి ఉంటాయి, డాక్టరు మందెక్కించి శవాన్ని నిలవచేస్తాడు. యిక్‌కి ఇంకా మందెక్కించలేదు. నాలుగింటికి ఎక్కిస్తాడట. ఇప్పుడు రెండుంబావు.

గుడ్డ తీసేసరికి వెనకాల బూట్ల చప్పుడు. గ్రిమ్‌షా దొర.

“ఏం సిటో, శవం మాట్లాడుతోందా?”

“మాట్లాడుతోంది దొరగారూ. మీరు కాస్త ఊరుకుంటే వినబడుతుంది.”

గ్రిమ్‌షాకి ముక్కుమీదే కోపం. సముద్రంమీద ఇరవయ్యేళ్ళు అరిచి అరిచి మామూలుగా మాట్లాడటం మర్చిపోయిన మనిషి. “కత్తి ఎవరిది? మంగలిది. తల తీస్తానన్నది ఎవరు? మంగలి. గొరుగుతూ గొరుగుతూ గొంతు కోసింది ఎవరు? ఇంత చిన్న లెక్కకి నీకు రోజంతా కావాలా?”

“తలమీద మూడు గాట్లున్నాయి చూడండి. ఒక్కదాన్నించీ నెత్తురు రాలేదు. ప్రాణం పోయాక గొరిగారు.”

“గొంతులోంచి అంతా పోయాక తలలో ఏం మిగులుతుంది?”

దొర బుర్ర తక్కువవాడేం కాదు. అదే సిటోకి ఎక్కువ కంటగింపు.

“సరే. నాలుగున్నరకి పొగగొట్టం వెనక ఎంత వెలుతురుంటుంది? కళ్ళు పొడుచుకున్నా కనబడదు. నలభయ్యేళ్ళ అనుభవమున్న మంగలి ఆ చీకట్లో దీపం లేకుండా గొరుగుతాడా? దీపం దొరికిందా మీకు?”

“చంపాలనుకున్నవాడికి దీపం ఎందుకు?”

“చంపాలనుకున్నవాడికి గొరగడం ఎందుకు మరి?”

గ్రిమ్‌షా వంగి గొరిగిన వైపు మళ్ళీ చూశాడు. సిటో శవం వెనక్కి వెళ్ళి జడ చేతిలోకి తీసుకున్నాడు. జడ మామూలుగానే ఉంది, చివర నల్ల పట్టుదారం. కానీ బరువు తేడా చేతికి తెలుస్తోంది. దారం విప్పాడు. ఒక్కొక్క పాయే విడదీశాడు. మూడు పాయల నడుమ, పైకి ఇసుమంతైనా కనబడకుండా అల్లిన తెల్లటి నూలుతాడు బయటపడింది.

సిటో దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.

“ఏమిటది?” అన్నాడు గ్రిమ్‌షా.

చీనాలో తండ్రి పోతే కొడుకు జడలో తెల్లతాడు అల్లుకుంటాడు. నూరు రోజులు తలమీద కత్తి పెట్టనివ్వడు. పెట్టనిస్తే కొడుకే కాడు. యిక్ తండ్రి పోయాడు. పోయాడని తెలిస్తే రేవులో కాగితం చిత్తు కాగితమవుతుంది. అందుకని దుఃఖాన్ని కూడా జడలోపల దాచుకుని, టోపీ కింద తల దాచుకుని ఇన్నాళ్ళూ తిరిగాడు పిచ్చితండ్రి. నెల పైబడి పెరిగిన జుట్టు టోపీ అంచున కనబడినా ఎవరికీ అనుమానం రాలేదు. వాంతులతో పడి ఉన్న సగంమంది తలలు అలాగే ఉన్నాయి.

ఈ తాడు సంగతి పూన్‌కి తెలుసు. జడ విప్పిన మంగలికి తెలియకుండా ఎలా ఉంటుంది? అందుకే గొరగనన్నాడు. అదీ ఆ మాట!

మరి తమ్ముడు?

తండ్రి పోతే ఇద్దరు కొడుకులూ కత్తి ముట్టకూడదు. తమ్ముడు నిన్న గొరిగించుకున్నాడు. తెలియక గొరిగించుకున్నాడా? లోకానికంతటికీ దాచినా, యిక్ తన పక్క పడకమీద ఉన్న సొంత తమ్ముడి చెవిలో ఆ కబురు ఊదడా? తండ్రి ప్రేతం నోట్లో మట్టి కొట్టే పని తమ్ముడు చేస్తుంటే చూస్తూ ఊరుకుంటాడా, ఇంత నిష్ఠ ఉన్నవాడు?

ఊరుకున్నాడంటే ఒక్కటే అర్థం. సోయ్ ఆ తండ్రి కొడుకు కాడు. లేని రెండో కొడుకు పేరుమీద కాగితం కొనుక్కుని ఓడ ఎక్కిన కాగితపు తమ్ముడు.

“దొరగారూ, వీడు తండ్రి కోసం మైల పట్టి ఉన్నాడు. వీడు క్షవరానికి వెళ్ళడు, ప్రాణం పోయినా వెళ్ళడు. ‘గొరిగించుకుంటానని నాతో చెప్పి వెళ్ళాడు’ అన్న సోయ్ మాట పచ్చి అబద్ధం. మైల సంగతి తెలియనివాడే ఇలా సగం గొరిగి మంగలిమీద తోస్తాడు. వాడు తమ్ముడు కాడు, వాడే—”

“ఆగాగు! జడలో తాడు దొరికితే తమ్ముడు తమ్ముడు కాకుండా పోతాడా? ప్రభుత్వం ముద్ర వేసిన కాగితముంది వాడి దగ్గర. మీ జుట్టు గొడవలు జడ్జీ దగ్గర చెప్పు, నవ్వుతాడు.” గ్రిమ్‌షా నిజంగానే నవ్వాడు. “ఆ కుర్రాడు ఎంత మంచివాడో తెలుసా నీకు? అన్నని చంపినవాడు పస్తున్నాడని తెలిసి, టీ ఇచ్చి వస్తానని నా దగ్గరకొచ్చి అనుమతి అడిగాడు. నాకే సిగ్గేసింది. వెళ్ళమన్నాను.”

“ఎప్పుడు?”

“అరగంట అయింది.”

సిటో గుడ్డ కప్పడం కూడా మర్చిపోయి పరిగెత్తాడు.

*

గొలుసుల గది గుమ్మంలో ఫిన్లే గోడకి చేరగిలబడి నిద్రపోతున్నాడు. తాగి పడుకున్నాడు వెధవ అని తిట్టుకుంటూ, సిటో అతన్ని దాటుకుని గడియ లాగాడు.

పూన్ కూచునే ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

“టీ తాగావా?” సిటో గొంతు కీచుమంది.

“తాగనని చెప్పలా?”

“అబ్బ! బతికించావు బాబాయ్. నీ మొండితనానికో దణ్ణం!” సిటో గొలుసులమీద కూలబడ్డాడు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. “తాడు చూశాను. యిక్ జడలో. నువ్వింక దాచక్కర్లేదు.”

పూన్ కాళ్ళ సంకెళ్ళు సర్దుకున్నాడు. “పదో రోజున జడ విప్పితే కనబడింది. కాళ్ళు పట్టుకున్నాడు. ‘ఎవరికీ చెప్పకు, సోయ్‌కి కూడా చెప్పకు’ అన్నాడు. కుర్రవాడు కదా, రేవులో నోరు జారతాడని కాబోలు అనుకున్నాను. నేను నోరు విప్పితే ఆ కుర్రాడి కాగితం పోతుందని...”

“ఆ కుర్రాడే గొంతు కోశాడు బాబాయ్. నువ్వు వాణ్ణే కాపాడుతూ కూచున్నావు.”

పూన్ మెల్లగా అన్నాడు: “మొన్న ఇద్దరూ గొణుక్కుంటుంటే విన్నాను. ‘మా నాన్నకి ఇద్దరు కొడుకులని రేవులో కాగితాలు చూసే దొర ముందు నేను చెప్పలేను, నన్నొదిలెయ్’ అని యిక్ అంటున్నాడు. నాకు అర్థం కాలేదు అప్పుడు. నాకేం తెలుసు నాయనా!”

“టీ ఏది?”

“చేదు కషాయం టీ. మనవాళ్ళు వేడి చేస్తే తాగేది. మంచి చేదు, వాసనకే తెలుస్తోంది. నేను ముట్టనుగా. పాపం ఆ కాపలా దొరబ్బాయి దగ్గి దగ్గి చస్తుంటే రెండు కప్పులు పోసిచ్చాను. వెంటనే నిద్రపట్టేసింది వాడికి.”

సిటో ఒక్క దూకులో గుమ్మంలోకి వచ్చాడు. ఫిన్లే పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి ఉందా లేదా అన్నట్టుంది. నల్లమందు. చేదులో చేదు కలిసిపోతుంది, ఎవడు కనిపెడతాడు!

“డాక్టర్! ఎవరక్కడ! ఉప్పునీళ్ళు!”

మెట్లమీదినించి గ్రిమ్‌షా దిగాడు. అతని వెనకాల ఇద్దరు నావికులు. వాళ్ళ వెనకాల, టీ కూజా తీసుకెళ్ళడానికి వచ్చిన తాం సోయ్.

“నా మనిషికి ఏమైంది?” గ్రిమ్‌షా గర్జించాడు.

“వీడి టీ తాగాడు. అందులో నల్లమందు కలిపాడు. పూన్‌ని చంపడానికి తెచ్చాడు, మీవాడు తాగేశాడు!”

“అయ్యో దొరగారూ!” సోయ్ గుండెలు బాదుకున్నాడు. “నేనిచ్చింది కషాయం. ఇంట్లో అమ్మ కాచేదే. ఆ ముసలోడి పొదిలో ఏముందో, ఏం కలిపాడో!”

నావికులు ఫిన్లేని ఎత్తుకుని పైకి పరిగెత్తారు. గ్రిమ్‌షా ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తున్నాడు. మొదటిసారి అతని కళ్ళలో అనుమానం సోయ్ వైపు తిరిగింది. ఇదే అదును అనుకున్నాడు సిటో. జుట్టు సంగతి దొరకి ఎక్కదు. ఎక్కే భాషలోనే చెబుదాం.

కూజాలో మిగిలింది కప్పులో వంపాడు. కప్పు నిండింది.

“దొరగారూ, ఇది వీడు తెచ్చిన కూజాయే. అందులో ఏమీ లేదంటున్నాడుగా. తాగమనండి.”

గ్రిమ్‌షా తలూపాడు. “తాగు.”

సోయ్ కప్పువైపు చూశాడు. సిటో వైపు చూశాడు. పూన్ గొలుసులు గలగలమన్నాయి. సిటో అతని చేతులే చూస్తున్నాడు. ఇప్పుడు వీడు కప్పు తోసేస్తాడు, కాళ్ళమీద పడతాడు, పూన్ బతికిపోతాడు.

సోయ్ రెండు చేతులతో కప్పు అందుకున్నాడు. గటగటా తాగేశాడు. అడుగున మిగిలిన నలుసు కూడా నాలుకతో తీసుకుని, కప్పు బోర్లించి చూపించాడు. మొహం కూడా చిట్లించలేదు.

పది నిమిషాలు గడిచాయి. గ్రిమ్‌షా గడియారం చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. పావుగంటయింది. సోయ్ స్తంభంలా నిలబడే ఉన్నాడు. తూగలేదు, తూలలేదు.

“అయితే టీలో ఏమీ లేదు” అన్నాడు గ్రిమ్‌షా, గొంతు చల్లబడిపోయి. “మరి నా మనిషికి విషం పెట్టిందెవరు? ఈ గదిలో ఉన్నది మీ మంగలి. మంగలిని పొద్దుటినించీ వెనకేసుకొస్తున్నది నువ్వు.”

అప్పుడు చూశాడు సిటో. గది అంతా చీకటి. ఆ చీకట్లో అందరి కనుపాపలూ విప్పారి ఉన్నాయి. సోయ్ కళ్ళలో మాత్రం నల్లటి చుక్క ఆవగింజంత కూడా లేదు. నల్లమందు మింగినవాడి కనుపాప చీకట్లో కూడా విప్పారదు. వీడికి ఇది అలవాటు. ఏళ్ళ తరబడి అలవాటు. ఫిన్లేని పడగొట్టిన మందు వీడికి రోజూ మింగే మోతాదు! ఇంత చిన్న సంగతి తట్టక, నిజాన్ని తన చేతులతోనే కప్పులో పోసి వాడి చేతికిచ్చాడు.

“దొరగారూ, వాడి కళ్ళు చూడండి! వాడు నల్లమందు—”

“చాల్లే! పొద్దుటినించీ జుట్టు, ఇప్పుడు కళ్ళా? రేపు కాళ్ళగోళ్ళు చూడమంటావు!” గ్రిమ్‌షా సిటో నడుముకున్న తాళాల గుత్తి లాక్కున్నాడు. మరో జత సంకెళ్ళు తెప్పించాడు. అవి కాళ్ళకి బిగుస్తుంటే సిటో పెనుగులాడలేదు. అరిచి లాభం లేదని కచేరీలో ఎందరికో తనే చెప్పాడు.

“నా మనుషులెవరూ ఈ ఇద్దరి చేతికందేంత దగ్గరికి రాకూడదు” అన్నాడు గ్రిమ్‌షా. సోయ్ వైపు తిరిగాడు. “వీళ్ళ భాష నీకొచ్చు. రేపు పదింటిదాకా వీళ్ళ తిండీ నీళ్ళూ నువ్వే చూడు. పస్తుంటే ముక్కు మూసి గొంతులో పొయ్యి. ప్రాణాలతో అప్పగించాలి నేను.”

“చిత్తం దొరగారూ.”

బూట్లు మెట్లెక్కి వెళ్ళిపోయాయి. సోయ్ ఒక్కడే గుమ్మంలో నిలబడ్డాడు. వంగి ఖాళీ కూజా చేతికి తీసుకున్నాడు. ఏడుపు మొహం ఎక్కడికి పోయిందో పోయింది.

“ఆకలేస్తే చెప్పండి పెద్దయ్యా” అన్నాడు ఎంతో మర్యాదగా. “వంట నేనే చేస్తాను.”

బయట గడియ పడింది.